కష్టమండి అన్నమాట

మా గోదావరి జిల్లాల్లో 'కాదు' అనే మాట వ్యాకరణంలో ఉంది గానీ వాడుకలో లేదు. బస్సులో సీటు దొరుకుతుందా అని కండక్టర్ని అడిగితే "కష్టమండి" అంటాడు. సంబంధం నచ్చకపోతే పెళ్లికూతురి మేనమామ కాఫీ గ్లాసు కింద పెట్టి "కొంచెం కష్టమండి" అంటాడు. ఆసుపత్రిలో డాక్టరు గారు బయటికొచ్చి, మన మొహం వైపు కాకుండా గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ "కష్టమండి" అన్నారంటే, మనం చుట్టాలకి ఫోన్లు చేయడం మొదలుపెడతాం. ఎవరి మనసూ నొప్పించకుండా, ఎవరి పనీ చేసిపెట్టకుండా బతకడానికి మావాళ్లు కనిపెట్టుకున్న మాట అది. బుద్ధెరిగినప్పటి నుంచి నేనూ దాన్నే వాడుతున్నాను. ఒక్క మనిషి దగ్గర మాత్రం ఆ మాట నేనన్నట్టు వినబడలేదు. ఆ సంగతే ఇది.

నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. స్థానభ్రంశం లేనిచోట పని శూన్యం అని మా పుస్తకంలోనే ఉంది. బల్ల వెనక నిలబడ్డ చోటు నుంచి కదలకుండా ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను కనుక శాస్త్ర ప్రకారం నేను చేసిన పని ఏమీ లేదు. ఇది మా ఆవిడ ఏ శాస్త్రమూ చదవకుండానే కనిపెట్టింది.

అన్నిటిలోకీ నాకు ఇష్టమైన పాఠం ఉష్ణగతికశాస్త్రం. బోర్డు మీద ఆ పేరు రాయగానే వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు "వేడికి పట్టిన గతేంటండి" అనేవారు. ఏటా అదే మాట, ఏటా నేను కొత్తగా విన్నట్టు నవ్వేవాణ్ణి. నిజానికి ఆ చలోక్తి మొదట విసిరింది నేనే, ఉద్యోగంలో చేరిన ఏడాది. అది ఒక బ్యాచి నుంచి ఇంకో బ్యాచికి చేరుతూ, నా పేరు రాలిపోయి, నా దగ్గరికే తిరిగొచ్చేది. పరీక్షలో ప్రశ్న కూడా ఏటా ఒకటే: నియమాన్ని నిర్వచించి, దాని ప్రాముఖ్యతను, పరిమితులను తెలపండి. ఎనిమిది మార్కులు. ప్రాముఖ్యత కింద ఏం రాయాలో నోట్సు చెప్పేవాణ్ణి, రాసుకునేవారు. ఇంతకీ ఈ నియమాలు ఎవరికి ఏ అవసరానికి పనికొస్తాయి అని ఒక్క విద్యార్థీ అడగలేదు. వాళ్లు అడగలేదు కాబట్టి నేనూ ఆలోచించలేదు. చివరికి అడిగినాయన ఒక్కరే. ఆయన కాలేజీ గడప తొక్కినవారు కాదు.

ఆయన మోటార్లకు వైండింగ్ చేసే మేస్త్రి. రావులపాలెం వెళ్లే రోడ్డులో కాలవ వంతెన దిగగానే ఆయన షాపు. కాలిపోయిన బోరు మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు లోపల నేల కనబడకుండా పరిచి ఉండేవి. మాడిన తీగె తీసేసి, కొత్త రాగితీగె చుట్టి, వార్నిషు పోసి ఎండలో పెట్టేవారు. తీగె చుట్టే మిషను చేత్తో తిప్పేది, ఆయన నాన్నగారి కాలం నాటిది. ఆయన తిప్పుతుంటే పక్కన ఆయన భార్య చుట్లు లెక్కపెట్టేది. ఇద్దరిలో ఎవరు నోరు విప్పినా లెక్క పోతుంది కనుక ఆ దంపతులు పోట్లాడుకోవడం నేను చూడలేదు. మాదీ వాళ్లదీ ఒకటే లూథరన్ చర్చి. ఆదివారం నేను కూర్చునే బెంచీకి వెనక బెంచీ వాళ్లది.

మోటారు బాగుందో లేదో ఆయన మీటరు పెట్టి చూసేవారు కాదు, అరచెయ్యి ఆనించి చూసేవారు. మా బోరు మోటారు దగ్గర ఒకసారి అలా చెయ్యి పెట్టి, "తాగిన కరెంటంతా తిప్పడానికే పెట్టదండి మోటారు. కొంత ఒళ్లు కాచుకోడానికి వాడుకుంటది" అన్నారు. ఉష్ణగతికశాస్త్రపు రెండో నియమాన్ని అంత తేలిగ్గా చెప్పిన పుస్తకం నేను చూడలేదు. ఆ వాక్యాన్ని మర్నాడే క్లాసులో చెప్పి పిల్లల చేత శభాష్ అనిపించుకున్నాను. ఎవరి వాక్యమో చెప్పలేదు.

నేను రిటైరైన ఏడాది మే నెలలో, కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, ఆయన ఒక పొడుగు నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"ఖాళీగానే ఉన్నారాండి, మాస్టారూ?"

"ఇక ముందంతా ఖాళీయే కదండి, మేస్త్రి గారూ. రండి."

పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. ఒక మోటారు, దానికి బెల్టుతో తగిలించిన పెద్ద చక్రం, చక్రానికి ఇంకో వైపు డైనమో, డైనమో నుంచి వైరు తిరిగి మోటారుకు. స్కేలు పెట్టి గీసిన బొమ్మ, నా విద్యార్థుల రికార్డుల్లో ఎన్నడూ చూడనంత శుభ్రంగా ఉంది.

"ఒకసారి కరెంటిచ్చి వదిలేస్తే చాలండి. మోటారు చక్రాన్ని తిప్పుద్ది, చక్రం డైనమోని తిప్పుద్ది, డైనమో మోటారుకి కరెంటిస్తది. ఇక ఎవరి దయా అక్కర్లేదు. ఫోన్లో వీడియోలు చూశానండి, ఎక్కడెక్కడివాళ్లో చేసేస్తున్నారు."

"ఎందుకండి మీకిది? మీ షాపు బాగానే ఉంది కదా."

"శివారు పొలాలవాళ్లండి. కాలవ నీళ్లు వాళ్లదాకా రావు. వేసవి వస్తే వోల్టేజీ ఉండదు, మోటార్లు మాడిపోతాయి. బుర్ర దించుకుని మోసుకొస్తారండి నా దగ్గరికి. ఎవడో ఒకడి మోటారు కాలితే గానీ నా ఇంట్లో పొయ్యి వెలగదు. ఇరవయ్యేళ్లయిందండి ఇలా. బాగోలేదు."

నాకు అప్పుడే నోరు పెగలాల్సింది. ఇలాంటి యంత్రాన్ని శాస్త్రం పుట్టినప్పటి నుంచి చేస్తున్నారు, ఒక్కటీ తిరగలేదు. అంతమాత్రం చెప్పడానికి ఎనిమిది మార్కుల జవాబు కూడా అక్కర్లేదు. కానీ ఎదురుగా ఉన్నది స్కేలు పెట్టి గీసిన బొమ్మ. అందుకని కొంచెం దూరం నుంచి మొదలుపెట్టాను.

"ఉష్ణగతికశాస్త్రమని ఒకటుందండి. అందులో మొదటి నియమం, శక్తిని కొత్తగా పుట్టించలేమని."

"పుట్టించట్లేదు కదండి. ఉన్నదాన్నే తిప్పుతున్నాం."

"రెండో నియమం కూడా ఉందండి. తిప్పిన ప్రతిసారీ కొంత వేడి కింద పోతుంది. అలా పోయింది మళ్లీ పనికి రాదు."

"పనికి రానిదాన్ని పనికి తెచ్చుకోడమేనండి మా పని. షాపులో చూశారు కదా." నవ్వి, మళ్లీ అడిగారు. "ఇంతకీ ఈ నియమాలు ఎవరు పెట్టారండి? ఎందుకు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదండి. ఉన్నాయని తెలుసుకున్నారు. ఆవిరి ఇంజన్ల కాలంలో, బొగ్గు వేసినకొద్దీ పని ఎంత వస్తుందో లెక్క చూసుకుంటే…"

"నియమమన్నాక సడలింపు ఉంటది కదండి. మా ఆవిడ ఈస్టరు ముందు లెంటు నలభై రోజులూ నియమం పాటిస్తది. ఒంట్లో బాగోకపోతే మన పాస్టరు అయ్యగారే, తినేయమ్మా, దేవుడేమీ అనుకోడు అంటారు."

దీనికి నా దగ్గర నోట్సు లేదు. ఆయనే మళ్లీ అందుకున్నారు.

"ఒకటడుగుతానండి, ఏమనుకోకండి. నిత్యజీవం ఉందని ప్రతి ఆదివారం నిలబడి చెప్తాం కదండి, మీరూ నేనూ. నిత్యం తిరిగే మోటారు దగ్గరికొచ్చేసరికి ఏమొచ్చిందండి?"

నేను నవ్వాను. మజ్జిగ గ్లాసు ఆయన ముందుకు జరిపాను. మా నాన్నగారి దగ్గర, మా తాతగారి దగ్గర నేర్చుకున్న మెత్తటి గొంతుతో, "కష్టమండి, మేస్త్రి గారూ" అన్నాను.

ఆయన మొహం వెలిగింది. "కష్టమేనండి," అన్నారు. "తేలికైతే ఈపాటికి ఎవడో చేసేసేవాడు." మజ్జిగ తాగి, పుస్తకం చంకలో పెట్టుకుని, నాకు రెండు చేతులూ జోడించి వెళ్లారు. నేను కాదన్నానని నేను పడుకున్నాను. నేను అవునన్నానని ఆయన వెళ్లారు.

ఆయన అడిగిన రెండో ప్రశ్నకు జవాబు నాకు ఆలస్యంగా దొరికింది. ఎందుకు పెట్టారు అన్నారు కదా. మొదటి నియమం చెప్పేదేమంటే, నువ్వు వేసిందే నీకు వస్తుంది. రెండోది, వేసిందంతా కూడా రాదు. పెద్దవాళ్లు మనల్ని చల్లగా ఉండమని దీవిస్తారు. ఈ రెండో నియమం ప్రపంచంలో ఉన్న ప్రతి వేడి వస్తువుకీ ఆ మాటే చెబుతుంది, కాకపోతే దీవెనలాగా చెప్పదు. మొదట్లో వీటితో ఇంజన్ల వాళ్లు బొగ్గు లెక్కలు చూసుకున్నారు, ఇప్పుడు ఫ్రిజ్జులూ ఏసీలూ చేస్తున్నారు. అదంతా నోట్సులో ఉన్నదే. నోట్సులో లేనిది ఒకటుంది. ఈ వైపు దారి లేదు, మీ కాళ్లు అరగదీసుకోకండి అని ఒక మనిషికి ముందే చెప్పగలగడం. రెక్కల మీద బతికేవాడి రెక్కల్ని మిగల్చడం. ఆ నియమాల ప్రయోజనం నాకు తెలిసి ఇంతకన్నా గొప్పది లేదు. అది చెప్పే ఉద్యోగం ముప్పై ఏళ్లు నాదే.

ఆయన మొదలుపెట్టేశారు. ఎవరో రైతు పెరట్లో పడి ఉన్న పాత ఆయిల్ ఇంజను చక్రం తెచ్చారు. సాయంత్రం నా నడక ఆ రోడ్డు మీదుగానే కనుక షాపు ముందు ఆగేవాణ్ణి. ఆయన కరెంటుతో చక్రాన్ని తిప్పి, వేగం అందుకున్నాక మీట అటు నుంచి ఇటు వేసి, మెయిను కరెంటు తీసేసేవారు. చక్రం తిరుగుతూనే ఉండేది. కాసేపటికి ఆగేది.

"ఎంతసేపు తిరిగిందండి, మాస్టారూ? మీ చేతికి వాచీ ఉంది కదా."

"పద్దెనిమిది సెకన్లండి."

ఆయన పుస్తకంలో రాసుకున్నారు. బేరింగులు మార్చారు. ముప్పై ఒకటి అయింది. చక్రానికి ఇనుప పట్టీ వేసి బరువు పెంచారు. యాభై దాటింది. నేను వాచీ పట్టుకుని లెక్కపెట్టాను. అవును, నేనే. బరువైన చక్రం ఎక్కువసేపు తిరుగుతుందని, దాని అర్థం అది ఎప్పటికీ తిరుగుతుందని కాదని, నాకు పదిహేడేళ్ల వయసు నుంచీ తెలుసు. సెకన్లు పెరిగినప్పుడల్లా ఆయన కళ్లు నా మొహం మీద ఉండేవి. "మెరుగైందండి" అనేవాణ్ణి. అది అబద్ధం కాదు. నా జీవితంలో నేను ఆడిన అబద్ధాలు చాలావరకు అబద్ధాలు కావు.

ఆ ఏడు కోతకాలపు పండుగకి ఆయన యంత్రాన్ని చర్చి ఆవరణకి తెచ్చారు. గుమ్మడికాయలు, కోళ్లు, మొదటి బస్తాల ధాన్యం కానుకలుగా వచ్చి షామియానా కింద ఉన్నాయి. ఆరాధన అయ్యాక, కానుకల వేలం మొదలవక ముందు, దాన్ని నడిపి చూపించమన్నారు. అయ్యగారు చక్రం మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. ఈ బిడ్డ ప్రయత్నాన్ని దీవించమని వేడుకుంటున్నాము తండ్రీ అన్నారు, మేమంతా ఆమెన్ అన్నాం. వేడుకున్నది మేము, వేడెక్కింది మోటారు.

అందరికీ కనబడాలని ఆయన డైనమోకి ఒక పాత బల్బు తగిలించారు. మీట మార్చి మెయిను వైరు పీకి, దాన్ని పైకెత్తి చూపించారు. బల్బు వెలుగుతూనే ఉంది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో ముసలావిడ స్తోత్రం అంది. నిమిషం దాటాక బల్బు పసుపు తిరిగింది, తరవాత ఎరుపు, తరవాత లోపలి తీగె మాత్రం సన్నగా కనబడింది, తరవాత అదీ లేదు. చక్రం ఇంకో రెండు చుట్లు ఊరికే తిరిగి ఆగింది.

ఆయన మైకు అందుకున్నారు. సిగ్గుపడినట్టు లేరు. "చక్రం చాల్లేదండి. ఇంకా పెద్దది పెట్టాలి. ఇది ఒక్కరోజులో అయ్యేది కాదండి. మాస్టారు గారు మొదటి రోజునే నాకు చెప్పారు, ఇది కష్టమని. కష్టమన్నారే గానీ మానెయ్యమన్లేదు. ఆ ఒక్క మాట పట్టుకునే నడుస్తున్నానండి."

అందరూ నా వైపు తిరిగి మళ్లీ చప్పట్లు కొట్టారు. ఏడు నెలల కింద నేను ఏమన్నానో, ఆయన ఏం విన్నారో నాకు ఆ క్షణంలో తెలిసింది. కష్టమండి అన్నది నా మాట. కష్టపడితే అవుతుందన్నమాట అన్నది ఆయన విన్న మాట. తెలిశాక నేనేం చేశానంటే, లేచి నిలబడి అందరికీ నమస్కారం పెట్టి కూర్చున్నాను.

మళ్లీ వేసవి వచ్చింది. మోటార్లు మాడే కాలం, వైండింగ్ వాళ్లకి అదే పంట. ఆయన షాపు ముందు బాగుచేయని మోటార్లు గుట్ట పడ్డాయి. కొన్నాళ్లకి గుట్ట తరిగింది. చేసిచ్చి కాదు, రైతులు ఎవరి మోటారు వాళ్లు ఎత్తుకుపోయి అవతలి ఊరి షాపులో ఇచ్చుకున్నారు.

ఒక మంగళవారం పొద్దున ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. చీర కొంగుకి అరటి పసరు మరకలున్నాయి. రావులపాలెం మార్కెట్లో గెలలకి ఆకు చుట్టే పనికి వెళ్తోందని మా ఆవిడ అంతకు ముందే చెప్పింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"మాస్టారండి, మొదట్లో మా ఆయన మీ దగ్గరికొచ్చినప్పుడు మీరేమన్నారండి?"

"కష్టమన్నానమ్మా."

"అవదు అన్లేదాండి?"

"కష్టమంటే అదే కదమ్మా అర్థం."

"మీకండి," అంది. "మా ఇంట్లో కష్టమంటే పొద్దున్నే లేవడం."

మా ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి, గ్లాసు కడిగి బోర్లించబోతే మా ఆవిడ లాక్కుంది. వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆయన ఎవరి మాటా వినట్లేదండి. అయ్యగారు చెప్పినా, ఆయన చేత సైతాను అలా మాట్లాడిస్తున్నాడంటున్నారు. మీరు చెప్తే వింటారు. అవదంటే అవదని చెప్పండి. పెద్ద చక్రం కోసమని సామర్లకోటలో పాత ఇనప సామాన్ల కొట్టతనితో మాట్లాడుతున్నారు. అంతకు ముందే చెప్పండి" అంది.

చెబుతానన్నాను. మంగళవారం వెళ్లలేదు. ఆ మనిషి మనసు విరగకుండా ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచించాను. బుధవారం ఒక ఉపమానం దొరికింది, గురువారానికి అది బాగాలేదనిపించింది. శుక్రవారం సాయంత్రం మా ఆవిడ, "ఏవండీ, నాలుగు రోజులైంది. మాట చెప్పడానికి వెళ్తున్నారా, మాటకి చొక్కా కుట్టిస్తున్నారా" అంది. శనివారం పొద్దున వెళ్లాను.

షాపు మధ్యలో నా నడుమెత్తు చక్రం ఉంది. తీగె చుట్టే మిషను ఉండే బల్ల ఖాళీగా ఉంది, కాళ్లు బిగించిన నాలుగు బోల్టుల గుంటలు మాత్రం కనబడుతున్నాయి.

"మిషనేదండి?"

"నిన్ననే సామర్లకోట కొట్టతనికి ఇచ్చేశానండి. అది తీసుకుని ఇది ఇచ్చాడు. చూడండి మాస్టారూ, ఎంత బరువో. ఇక నిమిషాల్లో కాదండి, గంటల్లో లెక్కెట్టాలి మీరు."

నాలుగు రోజులు ఏరి పెట్టుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. "మేస్త్రి గారూ, ఇది అవదండి" అన్నాను.

"ఏదండి?"

"ఈ యంత్రం. ఎంత పెద్ద చక్రం పెట్టినా అవదు. చక్రంలో ఉన్నది మీరు ముందు తిప్పి దాచిందే. చక్రం పెద్దదైతే కుండ పెద్దదైనట్టు, ఖాళీ అవడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతే. ఊట పుట్టదు."

ఆయన గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నారు. "బేరింగులు మంచివి వేస్తేనండి?"

"వేసినా అవదు."

"ఎప్పుడు తెలిసిందండి మీకు?"

"మొదటి రోజే తెలుసండి."

"మరి వాచీ పట్టుకుని లెక్కపెట్టారు కదండి."

వాచీ ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"కాలేజీలో పిల్లలకి చెప్పేది ఇదేనాండి?"

"ఇదేనండి."

"ఎన్ని మార్కులండి?"

"ఎనిమిది."

"తప్పు రాస్తే?"

"ఆ ఎనిమిదీ పోతాయండి."

"అంతేనాండి," అన్నారు. స్టూలు దులిపి నా వైపు జరిపారు. "కూర్చోండి సార్, టీ చెప్తాను."

ఇరవయ్యేళ్లుగా నేను ఆయనకి మాస్టారుని. ఆ పొద్దుటి నుంచి సార్‌ని. మా వైపు మర్యాదకి లోటు రాదు, దగ్గరితనమే పోతుంది. టీ పంచదార ఎక్కువై తియ్యగా ఉంది. మొత్తం తాగాను.

మర్నాడే సామర్లకోట వెళ్లారట. చక్రం వెనక్కి ఇస్తాను, మిషను ఇవ్వమంటే, అది అప్పటికే విప్పి ఇనుముగా అమ్మేశానని కొట్టతను చెప్పాడట. కొన్ని మార్పులు ఒక వైపే జరుగుతాయని, వెనక్కి తిప్పలేమని నేను క్లాసులో పాలు, కాఫీ ఉదాహరణ చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆ మిషను గురించి చెబుతాను.

షాపు ఇప్పుడు సెల్‌ఫోన్ల కవర్లు అమ్మే అతను తీసుకున్నాడు. మేస్త్రి గారు రావులపాలెం దగ్గర అరటికాయలు మగ్గబెట్టే శీతల గదుల్లో కంప్రెసర్లు చూసుకునే పనికి కుదిరారు. మెడలో కార్డు వేసుకుని వెళ్తారు, లోపల పన్నెండు గంటలు నిలబడతారు. లోపలి వేడిని లాగి బయటి రోడ్డు మీదికి పోసే మిషన్లవి. ఆయన భార్య ఇంకా ఆకు చుట్టే పనికే వెళ్తోంది. ఆదివారం వాళ్లు నా వెనక బెంచీలోనే కూర్చుంటారు. వందనాలు చెప్పుకుంటాం.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన నా దగ్గరికొచ్చి, "ఒక పని పడింది సార్ మీతో" అన్నారు. అంత కాలం తరవాత ఆయన నన్ను ఒకటి అడగడం. ఏదైనా సరే చేసేద్దామన్నంత ఆత్రంగా లేచాను.

తునిలో ఒక వైండింగ్ మెకానిక్ ఉన్నాడట. ఆ వీడియోల దగ్గరే ఫోన్లో పరిచయం. అతనూ ఇదే యంత్రం చేస్తున్నాడు, వచ్చే వారం షాపు ఖాళీ చేసి పూర్తిగా దీనిమీద పడబోతున్నాడు. "నేను రోజూ చెప్తున్నాను సార్. నీకు చేతకాలేదు, నాకవుద్ది అంటున్నాడు. చదువుకున్నవాళ్లు చెప్తే వింటాడేమోనని."

చర్చి మెట్ల మీద నిలబడి ఫోను అందుకున్నాను. ఈసారి దూరం నుంచి మొదలుపెట్టలేదు. అవదండి, ఎవరు చేసినా అవదండి, చక్రంలో కరెంటు పుట్టదండి అని వరుసగా చెప్పాను.

"మీరు చేసి చూశారాండి?" అన్నాడు అటు మనిషి. గొంతు చిన్నది, మర్యాదస్తుడు.

"లేదండి."

"మీరెప్పుడైనా మోటారు విప్పారాండి?"

"లేదండి. కానీ చేసి చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరికీ అవలేదు. దయచేసి షాపు మూయకండి."

వెనక ఎక్కడో ఒక చక్రం తిరుగుతున్న హోరు వినబడుతోంది. "అలాగేనండి," అని ఫోను పెట్టేశాడు.

మేస్త్రి గారు చెయ్యి చాచారు. "ఏమన్నాడు సార్?"

"అలాగేనన్నారండి."

"అయితే మానడు." ఆయన ఫోను తీసుకోలేదు, నా చేతిలోనే ఉంచేశారు. "మళ్లీ చెయ్యండి సార్. అలాగేననేదాకా చెప్తే చాలదు. మిమ్మల్ని తిట్టేదాకా చెప్పండి."

మళ్లీ నొక్కాను. మోగి మోగి ఆగిపోయింది. ఆయన మెట్టు మీద కూర్చుని నా వైపే చూస్తున్నారు. మళ్లీ నొక్కాను.